పల్లెకు ఒక దినము - పిల్లలకు ఒక పాఠము



మన పెద్దలలో అనేకులు పొలం పనులు ఎరిగినవారు. మనుమలకు మాత్రం బియ్యము అంటే దుకాణంలోని సంచియే. కాబట్టి ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను పల్లెకు తీసికొని వెళ్లుట అవసరము. అయితే ఎట్లు తీసికొని వెళ్లవలెనో మేము ఒక తప్పు చేసి నేర్చుకొన్నాము.

ఒక జనవరి శనివారం ఉదయం సండే స్కూలు పిల్లలతో చెన్నై నుండి వ్యానులో వేడంతాంగల్ వెళ్లాము. చెంగల్పట్టు దాటి, పడాలం దగ్గర మలుపు తిరిగితే వస్తుంది. సుమారు 80 కిలోమీటర్లు. ఊరి పేరుకు వేటగాడి విడిది అని అర్థము. ఇప్పుడది పక్షుల విడిది. ఈశాన్య ఋతుపవన వర్షాలకు చెరువు నిండగానే గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు వచ్చి, నీటిలో సగం మునిగిన చెట్లపై గూళ్లు కడతాయి.

కట్టమీద నడుస్తుండగా ఒక పిల్లవాడు చెట్టువైపు రాయి విసిరి చప్పట్లు కొట్టాడు. పక్షులు గుంపుగా లేచాయి. పిల్లలు నవ్వారు, మేమును నవ్వాము. అంతలో ఒక వృద్ధ రైతు దగ్గరకు వచ్చాడు. ఇంట తెలుగే మాట్లాడేవాడట. "నాయనా, తల్లి లేస్తే కాకి దిగుతుంది. గూట్లో గుడ్డు మిగలదు" అన్నాడు. తరువాత మా వైపు తిరిగి, "అయ్యవారూ, ముందుగా చెప్పి తీసుకురాలేదా?" అని అడిగాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు జవాబు లేకపోయింది.

"ఈ పక్షులు మీకేమి ఇస్తాయి?" అని అడుగగా, ఆయన పొలం చూపించాడు. పక్షుల రెట్ట చెరువు నీటిలో కలుస్తుంది. ఆ నీరే తూము గుండా వరిమళ్లకు పారుతుంది, అదే ఎరువు. ఈ మేలు ఎరిగియే ఆ ఊరివారు తరతరాలుగా పక్షులను కాపాడుతున్నారు. సిపాయిలు పక్షులను కాల్చినప్పుడు వారు మొరపెట్టుకొనగా, 1798లో కలెక్టరు లైనెల్ ప్లేస్ వారి హక్కును గుర్తిస్తూ కౌలు పత్రం ఇచ్చాడు. 2022లో ఈ చెరువు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. ఆ పత్రాలకంటె ముందే కాపలా కాసినది ఆ రైతుల పెద్దలే.

తప్పు పిల్లవానిది కాదు, పాఠం చెప్పకుండా బయలుదేరిన మాది. పల్లె మనకు వినోదస్థలము; అక్కడివారికి జీవనాధారము. ఇది మరచితే ఒక్క దినపు సంతోషం వారికి నష్టమగును.

అందుచేత ఈ మూడు పనులు చేయుదము:

1. వెళ్లే ముందు వారం ఆ ఊరి పంట, నీరు, పక్షుల గురించి పిల్లలకు చెప్పవలెను.
2. అక్కడ మైకు, పాటలు, కేకలు మానవలెను. మన చెత్త మనమే తిరిగి తేవలెను.
3. ఆ ఊరి మనిషి ఒకరిని అడిగి, వినవలెను.

ఆలోచించవలసిన ప్రశ్నలు:

1. మన ఇంటి బియ్యము ఏ నీటితో పండినది?
2. ద్వితీయోపదేశకాండము 22:6, 7 చదివి, ఆ రైతు మాటతో పోల్చండి.
3. మన పట్టణానికి దగ్గరలో ఊరివారు కాపాడుతున్న చెరువు ఏది?

మరుసటి ఏడు మేము మరల వెళ్లాము. రాయి విసిరిన పిల్లవాడే ముందు నడుస్తూ, చిన్నపిల్లలకు నోటిమీద వేలుంచి చూపాడు.