రైతు యింటి కుక్క: ఋతువుల ననుసరించి సంరక్షణ



ఎడ్లను గూర్చియు, పాడిపశువులను గూర్చియు మన పత్రికలలో తఱచుగా వ్రాయుచుందురు. రాత్రివేళ కల్లములో ధాన్యమునకును, కొట్టములో దూడలకును కావలి కాయు కుక్కను గూర్చి వ్రాయువారు అరుదు. మనము తినగా మిగిలిన కూడే దాని జీతము. జబ్బు చేసినపుడు "కుక్కకేమి, అదే తగ్గును" అని ఊరకుందుము. ఈ యుపేక్షవలన కుక్కకే గాక యింటిల్లిపాదికిని ఎట్టి ముప్పు కలుగునో నేను స్వానుభవముచే నెఱిగితిని. ఆ సంగతి తుదను చెప్పెదను. ముందుగా ఏ కాలమున ఏమి చేయవలెనో వివరించెదను.

వేసవి

మనకు ఒడలెల్ల చెమట పోసి దేహము చల్లబడును. కుక్కకు అరికాళ్లయందు తప్ప చెమట పట్టుట లేదనియే చెప్పవచ్చును. నోరు తెఱచి, నాలుక వ్రేలవైచి వగర్చుటయే అది చల్లబడు మార్గము. కావున గాలియాడని చోటనో, రేకుల కప్పు క్రిందనో, ఎండలో గుంజకో కట్టివేసిన కుక్కకు వడదెబ్బ శీఘ్రముగా తగులును. రోళ్లు పగులు రోహిణీ కార్తెలో ఈ తప్పు ప్రాణాంతకము. ఉదయము కట్టునపుడు నీడయున్న చోటు మధ్యాహ్నమునకు ఎండలో పడునని మఱచిపోరాదు.

వెడల్పైన మట్టి తొట్టిలో నీరు పోసి నీడను ఉంచి, రోజుకు రెండుమారులు మార్చవలెను. పొలమునకు వెంట తీసికొనిపోవువారు ప్రొద్దెక్కకముందే మరలవలెను. కుక్క మితిమీరి వగర్చుచు, చొంగ కార్చుచు, తూలి పడినచో వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల చల్లని నీటితో తడిపి విసరవలెను. తెలివి లేని కుక్క నోటిలో నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. కొంత తేఱుకొన్నను పశువైద్యునికి చూపక మానరాదు.

వర్షకాలము

మృగశిర మొదలుకొని గోమార్లు విజృంభించును. ఇవి నెత్తురు పీల్చుటయే గాక జ్వరములను అంటించును. కుక్క మేత మాని, చిగుళ్లు పాలిపోయి, మూత్రము ఎఱ్ఱబాఱినచో అట్టి జ్వరమేమో యని అనుమానింపవలెను. ప్రతిదినము చెవులలోపల, మెడక్రింద, కాలివ్రేళ్లనడుమ వెదకి, చిన్న పట్టుకారుతో చర్మమున కానించి పట్టి, మెల్లగా లాగి, స్పిరిటులో వేయవలెను. వ్రేళ్లతో నలుపరాదు. గోడ నెఱ్ఱెలలో ఇవి గ్రుడ్లు పెట్టును గనుక ఆ నెఱ్ఱెలను పూడ్పవలెను.

ఇచట ఒక ముఖ్యమైన హెచ్చరిక. పైరుకు చల్లగా మిగిలిన పురుగుమందును నీటిలో కలిపి కుక్కకు పూయు అలవాటు కొందఱికి గలదు. కుక్క తన ఒడలిని తానే నాకుకొనును. మందు చర్మముగుండను ఇంకును. చొంగ కార్చి, వణకి, కొట్టుకొని చచ్చును. పత్తికి చెప్పిన మందు పత్తికే. కుక్కకు తగిన మందు పశువైద్యశాలలో తెలిసికొని వాడవలెను.

నిలువనీటిలో ఎలుకల మూత్రము కలిసి దానివలన వచ్చు జ్వరము కుక్కకును, మనకును రాగలదు. దొడ్డిలో నీరు నిలువనీయక, కుక్క త్రాగు తొట్టిని ఎలుకలు చేరని చోట ఉంచవలెను. దీపావళినాడు టపాకాయల మ్రోతకు బెదరి కుక్కలు పాఱిపోవును. ఆ రాత్రి ఇంటిలోపల గదిలో నుంచుట మేలు.

శీతకాలము

కుక్కలు ఎక్కువగా ఈ కాలముననే ఈనును. కూనలకు వడ్లగడ్డిపై గోనెపట్టా పఱచి, చలిగాలి తగులకుండ చూడవలెను. కూన కడుపు ఉబ్బి, ఒడలు చిక్కియున్నచో నులిపురుగులున్నవని యెఱుంగవలెను. నెత్తురు విరేచనములు కూనలను ఒకటి రెండు దినములలో చంపగలవు, ఆలస్యము పనికిరాదు.

పంట కోతలనాటికి ఎలుకలకై జింకు ఫాస్ఫైడు ఎరలు పెట్టుదురు. దీనికి విఱుగుడు మందు లేదు. ఎరను బొఱియ లోపలనే పెట్టి మూసివేయవలెను. చచ్చిన ఎలుకలను మఱునాడే యేరి లోతుగా పూడ్పవలెను. అట్టి ఎలుకను తిన్న కుక్కయు చావవచ్చును. పండుగలకు మేకలను, గొఱ్ఱెలను కోసినపుడు పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్కలకు వేయరాదు. వానియందలి తిత్తులవలన కుక్క కడుపులో బద్దెపురుగులు పెరిగి, వాని గ్రుడ్లు తుదకు మన పిల్లల నోటికి చేరును.

ఏ కాలమునకును చెందని రోగము

ఇక ముందు చెప్పెదనన్న సంగతి. ఎండలు ముదిరినపుడే కుక్కలకు పిచ్చి యెక్కునని మన పల్లెలలో దృఢమైన నమ్మకము గలదు. నేనును అట్లే తలచి, "సూది మందు వేసవికి ముందు వేయింతములే" యని మా కుక్కకు వాయిదా వేసితిని. ఊరూర తిరిగి విత్తనశుద్ధిని గూర్చి చెప్పు నేనే నా యింట ఈ తప్పు చేసితిని.

కార్తికమాసమున ఒక ఊరకుక్క దానిని కఱచెను. గాయము మానినది, మేము మఱచితిమి. మార్గశిరమున, మంచి చలిలో, అది కూడు ముట్టక, దౌడ క్రిందికి వ్రేలాడ, చొంగ కార్చుచు మూల కూర్చుండెను. మొఱుగలేదు, ఎవరిని కఱవలేదు. గొంతులో ఎముక యిఱుకుకొన్నదని తలచి నేను దాని నోటిలో చేయి పెట్టి వెదకితిని. నా భార్య దీపము పట్టి, దాని తలను ఒడిలో పెట్టుకొనెను. ఎముక దొరకలేదు. నా వ్రేలికి దాని పన్ను గీచుకొనెను.

మఱునాడు పశువైద్యుడు దూరమునుండియే చూచి, "చేయి పెట్టితిరా?" అని మొదట అడిగెను. అది పిచ్చియే; కఱవక మౌనముగా వచ్చు రకము. రెండు దినములలో కుక్క చచ్చెను. మే మిరువురము ఆస్పత్రిలో మందు పూర్తిగా వేయించుకొని బ్రదికితిమి. కాని ఆ నెల దినములు మా పిల్లల ముఖములు చూచినపుడెల్ల మాకు కలిగిన భయము ఇంకెవరికిని కలుగకుండునుగాక యని ఇది వ్రాయుచున్నాను.

కావున గ్రహింపుడు. ఈ రోగము ఎండవలన పుట్టదు. చొంగలోని క్రిమివలన పుట్టును. గాయమునుండి నరములవెంట మెదడునకు ప్రాకును. ఇందుకు సాధారణముగా కొన్ని వారములు మొదలు కొన్ని నెలలవఱకు పట్టును. ఈ వ్యవధిలోనే మందు పని చేయును. లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము నిలుచుట మిక్కిలి అరుదు. ఆవులకును, గేదెలకును ఇది రాగలదు. మ్రింగలేక చొంగ కార్చు పశువు నోట కూడ వట్టిచేయి పెట్టరాదు.

కఱచినపుడు చేయవలసినది

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" యని సామెత. నిజమైన వైద్యము సబ్బును, నీరును.

1. పాఱు నీటి క్రింద సబ్బుతో 15 నిమిషములు గాయమును కడుగవలెను. గీత పడినను ఇట్లే చేయవలెను.

2. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు.

3. ఆనాడే ప్రభుత్వ ఆస్పత్రికి పోవలెను. పూర్వము బొడ్డుచుట్టు వేయు సూదులను తలచి భయపడ నక్కఱలేదు. ఆ పాత మందు మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పుడు చేతికి వేయుదురు. చెప్పిన దినములలో ఒక్కటియు తప్పరాదు. నెత్తురు వచ్చిన గాయమునకు చుట్టును వేఱొక మందు కూడ ఎక్కింతురు. దానిని అడిగి వేయించుకొనవలెను.

4. కఱచిన కుక్కను చంపక, వీలైనచో 10 దినములు కనిపెట్టవలెను. కాని అంతవఱకు మందు ఆపరాదు.

సంఘముగా చేయదగినది

కూనకు మూడవ నెల నిండగానే పిచ్చి రాకుండ సూది వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించి, తరువాత ఏటేట తప్పక వేయింపవలెను. అయినను ఒక్క యింటి కుక్కకు వేయించిన చాలదు. ఊరిలో నూటికి 70 కుక్కలకు మందు పడినచో ఈ రోగము వ్యాపింపజాలదని నిపుణుల మతము. ఒకని గట్టు గట్టిగానున్నను పొరుగువాని గట్టు తెగినచో ఇరువురి చేలును మునుగును గదా! ఇదియు అట్టిదే.

1885వ సంవత్సరము జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు కుక్కకాటు తిన్న బాలునికి తొలిసారి ఈ మందు వేయించి రక్షించెను. ఏటేట ఆనాడు అనేక పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా సూదులు వేయుదురు. ప్రతి సంఘమును ముందుగా పశువైద్యునితో మాటలాడి, దండోరా వేయించి, ఊరి కుక్కలన్నిటిని ఒకచోటికి చేర్చినచో అరపూటలో ముగియును. ఊరకుక్కలను పట్టుటకు నేర్పు గలవారిని పిలువవలెను, పిల్లలను పంపరాదు.

విత్తనమునకు, ఎరువునకు ఒకటిగా చేరిన మనము ఈ పనికిని చేరుదుము. మన కల్లమును కాచుదానిని మనము కాచినచో, అది మన పిల్లలను కాచినట్లే యగును.