రోజుకొక దిక్కు

కురబలకోట

చిరంజీవి మౌనికకు పెదనాయన దీవించి రాయునది.

దసరా సెలవుల్లో అవ్వను, అమ్మను, తమ్ముణ్ణి పిలుచుకొని మూడు దినాలు బెంగళూరు చూపించుకొస్తానన్నావని మీ నాయన చెప్పినాడు. పిల్లకాయలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో పోతున్నావని కూడా చెప్పినాడు. చాలా సంతోషమైంది. అవ్వ ఇన్నేళ్ళలో బెంగళూరుకు ఆస్పత్రి పని మీదే పోయింది గానీ, ఊరు చూడ్డానికి ఎప్పుడూ పోలేదు. నేను ఉద్యోగం చేసిన కాలమంతా ఆ ఊళ్ళో తిరిగినవాణ్ణి గనక నాకు తోచినవి రాస్తున్నాను. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. కాగితమైతే సంచిలో ఉంటుంది.

నువ్వు రాసుకున్న పట్టిక చూసినాను. మొదటి దినం లాల్‌బాగ్, బన్నేరుఘట్ట, ఎంజీ రోడ్డు. రెండో దినం విధానసౌధ, బసవనగుడి, మళ్ళీ కస్తూర్బా రోడ్డులో మ్యూజియం. మూడో దినం నంది కొండ, చిక్కపేట. అన్నీ చూడదగ్గవే. కానీ ఆ వరసలో తిరిగితే నీ డబ్బులో సగం రోడ్డు మీదే అయిపోతుంది. ఆ ఊళ్ళో ప్రవేశ టికెట్లకూ తిండికీ అయ్యేదానికంటే ఈ కొస నుంచి ఆ కొసకు పోయి మళ్ళీ వెనక్కి రావడానికి అయ్యేదే ఎక్కువ. అందుకని దిక్కులు చూసుకొని పట్టిక మళ్ళీ రాయి. ఒక దినం ఒక దిక్కుకే పోవాలి. ఆ దిక్కున ఎన్ని ఉంటే అన్నీ చూడు, రెండో దిక్కు ముట్టుకోవద్దు.

ముందు పోయే దారి సంగతి. స్త్రీ శక్తి బస్సులో కుప్పం దాకా ఉచితంగా పోయి, అక్కడ రైలెక్కుదామనుకుంటున్నావట. తెలివైన లెక్కే. 2025 ఆగస్టు 15 నుంచి మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరితే, అక్కణ్ణుంచి బంగారుపేట మీదుగా బెంగళూరుకు రైళ్ళు చాలా ఉన్నాయి. వైట్‌ఫీల్డ్‌లో దిగితే స్టేషను పక్కనే మెట్రో. కుప్పం వాళ్ళకు అంతకంటే మంచి దారి లేదు. నువ్వొక్కదానివే అయితే పో అనేవాణ్ణి. కానీ బస్సులు మారి, రైలు కోసం కాచుకొని, పొద్దున బయలుదేరిన అవ్వ సాయంత్రానికి చేరితే ఆ దినం పోయినట్టే. ఉన్నదే మూడు దినాలు, దాంట్లో ఒకటి పోగొట్టుకొని మిగిల్చే డబ్బు మిగిల్చినట్టు కాదు. మన ఊరి స్టేషనేమో పాకాల–ధర్మవరం లైను మీద ఉంది, బెంగళూరుకు అది చుట్టుదారి. మదనపల్లెలో నేరుగా బెంగళూరు బస్సెక్కండి. రాష్ట్రం దాటే బస్సు గనక ఆడవాళ్ళకూ టికెట్టు కొనాల్సిందే. అది దండగ అనుకోవద్దు.

ఆ బస్సు చింతామణి, హొసకోట మీదుగా పోతుంది. అందరూ మెజెస్టిక్ దాకా కూర్చుంటారు, మీరు కూర్చోవద్దు. కేఆర్ పురంలో దిగండి. రైలు పట్టాల మీద తీగలతో కట్టిన పెద్ద వంతెన కనబడగానే సంచులు సర్దుకోండి. దిగీ దిగకముందే ఆటోవాళ్ళు చుట్టుముట్టి సంచి మీద చెయ్యేస్తారు. ఎవరికీ జవాబు చెప్పకుండా నేరుగా మెట్రో స్టేషనులోకి పోండి. బోర్డు మీద కృష్ణరాజపుర అని ఉంటుంది. బైయప్పనహళ్ళి నుంచి అక్కడికి మెట్రో 2023 అక్టోబరులో కలిసింది. అంతకు ముందు మన జిల్లా వాళ్ళందరూ అక్కడి టిన్ ఫ్యాక్టరీ కూడలి రద్దీలో బస్సులోనే గంటలు గంటలు ఉడికినవాళ్ళే. ఇప్పుడు ఊదా రంగు లైను మీద ఇందిరానగర్, ఎంజీ రోడ్డు, కబ్బన్ పార్కు, విధానసౌధ, మెజెస్టిక్ అన్నీ ఒకే వరస. అవ్వకు మెట్లు అక్కర్లేదు, ప్రతి స్టేషనులో లిఫ్టు ఉంది. ఎక్కడుందని సెక్యూరిటీ వాళ్ళను అడుగు, చూపిస్తారు.

మెట్రో చార్జీలు 2025 ఫిబ్రవరిలో బాగా పెంచినారు. అప్పుడు తక్కువలో తక్కువ 10 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 90 పెట్టినారు. స్మార్ట్ కార్డుకు తగ్గింపు ఉందని ఎవరైనా చెబితే తొందరపడి కొనొద్దు. కార్డు ధరే 50, పైగా లోపల 90 రూపాయలు ఎప్పుడూ ఉండాలి, ఒక కార్డు మీద ఒకరే పోవాలి. నలుగురికీ నాలుగు కార్డులు కొంటే తగ్గింపు ఏ మూలకు? రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళకు అది లాభం. మీకు ఫోన్లో క్యూఆర్ టికెట్టు చాలు, ఒకే టికెట్టు మీద ఆరుగురి దాకా పోవచ్చు. ఫోను చార్జింగు మాత్రం అయిపోకుండా చూసుకో, లేదంటే టికెట్టు చూపించలేక బయటికి రాలేరు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మెట్రో ఎక్కొద్దు. ఆ రద్దీలో అవ్వకు ఊపిరాడదు.

ఇక దిక్కులు. మొదటి దినం చేరేసరికి మధ్యాహ్నమవుతుంది గనక ఊదా లైను మీదివే చూడండి. విధానసౌధ దగ్గర దిగితే ఎదురుగా ఆ రాతి భవనం. కెంగల్ హనుమంతయ్య ముఖ్యమంత్రిగా ఉండగా పని సాగించి 1956కు పూర్తిచేసినారు. రోడ్డు మీద నిలబడి చూడ్డానికి పైసా అక్కర్లేదు. దానికి ఎదురుగా ఎర్ర హైకోర్టు, దాని వెనకంతా కబ్బన్ పార్కు. అది కూడా ఉచితమే. అవ్వనూ అమ్మనూ చెట్ల కింద కూర్చోబెట్టి, తమ్ముణ్ణి కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకుపో. వాడికి మోటార్లంటే ఇష్టం కదా, మూడు గంటలైనా బయటికి రాడు. విశ్వేశ్వరయ్య పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో గానీ, ఆయన పూర్వులది గిద్దలూరు దిక్కునున్న మోక్షగుండం. ఆ మాట వాడికి చెప్పు. సాయంత్రం కబ్బన్ పార్కు స్టేషను నుంచి ఒక స్టేషను దూరంలో ఎంజీ రోడ్డు, దాని వెనక చర్చి స్ట్రీటు. అక్కడ పాత పుస్తకాల అంగళ్ళలో సగం ధరకు మంచి పుస్తకాలు దొరుకుతాయి. నువ్వు ఆ ఒక్క ఖర్చూ ఆపుకోవద్దు.

రెండో దినం పచ్చ లైను. మెజెస్టిక్‌లో లైను మారాలి, నడక కొంచెం ఎక్కువే, తొందరపెట్టకుండా పిలుచుకుపో. నేషనల్ కాలేజీ స్టేషనులో దిగితే బసవనగుడి. అక్కడ ఒక్క బండలో చెక్కిన నంది ఉంది. కార్తీకంలో ఆఖరి సోమవారం అక్కడ చెనిక్కాయల పరస జరుగుతుంది, మన వైపు చెనిక్కాయలు కూడా ఆ వీధుల్లో రాశులు పోస్తారు. అవ్వకు అది చెబితే గుడి ఇంకా దగ్గరవుతుంది. స్టేషను నుంచి గుడికి అవ్వను నడిపించొద్దు. ఆటోలో ముగ్గురికే అనుమతి, మీరు నలుగురు గనక రెండు పట్టాలి. 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు మీటరు 36 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 18. రెండు ఆటోలైనా 72. ఆ 72 మిగిల్చి ముసలామెకు మోకాళ్ళు నొప్పి తెప్పించొద్దు. బేరానికి దిగకుండా ‘మీటర్ హాకి’ అని కన్నడంలో ఒక్క మాట మర్యాదగా అను. వినకపోతే నమ్మ యాత్రి లాంటి యాప్‌లో పిలుచుకో. రాత్రి పది దాటితే మీటరు మీద సగం అదనం, అది న్యాయమే, దానికి గొడవపడొద్దు.

అక్కణ్ణుంచి లాల్‌బాగ్‌కు పోండి. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట. గాజు మేడ అందరూ చూస్తారు. నువ్వు మాత్రం ఆ బండ ఎక్కు. మన కొండల్లో కనబడే రాళ్ళ మాదిరే ఉంటుంది గానీ, దానికి మూడు వందల కోట్ల ఏళ్ళ వయసని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. కెంపేగౌడ కట్టించిన గోపురం ఒకటి దాని మీదే ఉంది. సాయంత్రం అక్కడ చల్లగాలికి కూర్చుంటే చుట్టూ ఊరంతా కనబడుతుంది. పెద్దవాళ్ళు నడవలేకపోతే తోటలో బ్యాటరీ బండి ఉంటుంది, అవ్వను అందులో తిప్పు.

మూడో దినం బన్నేరుఘట్ట, తమ్ముడి కోసం. అది డబ్బు పెట్టాల్సిన చోటు, అక్కడ పీనాసితనం చెయ్యొద్దు. సఫారీ టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. మెజెస్టిక్ నుంచి 365 నంబరు బస్సు నేరుగా పోతుంది. బీఎంటీసీ మామూలు బస్సుల రోజు పాసు 80 రూపాయలు. దగ్గరి తిరుగుళ్ళకు అది దండగ, అంత దూరం పోయి వచ్చి సాయంత్రం ఇంకో రెండు బస్సులు ఎక్కేటట్టుంటేనే తీసుకో. అక్కడి ఆడవాళ్ళు ఆధార్ చూపించి ఉచితంగా పోతుంటారు. ఆ శక్తి పథకం 2023 జూన్ నుంచి కర్ణాటక చిరునామా ఉన్నవాళ్ళకే. బెంగళూరులో ఉండే చిన్నమ్మ ఆధార్ కార్డు చూపించి పోదామనే ఆలోచన రానివ్వొద్దు. బస్సు బోర్డులు కన్నడంలో ఉంటాయి, భయం లేదు. మెల్లగా కూడబలుక్కుంటే మన అక్షరాలు చదివినవాళ్ళకు చాలావరకు తెలుస్తాయి.

నంది కొండ కొట్టెయ్. దానికే ఒక దినం పోతుంది. కొండా, చల్లగాలీ, మంచూ మనకు హార్స్‌లీ కొండ మీదే ఉన్నాయి. మదనపల్లెలో ఆడే సినిమా బెంగళూరు మాల్‌లో చూడొద్దు. చిక్కపేటలో చీరలు కొనాలనుకుంటే రెండో దినమే ఆ లైను మీద దిగు, కానీ ఆయుధపూజ, విజయదశమి దినాల్లో అంగళ్ళను నమ్ముకోవద్దు. ఆదివారమూ చాలా మూతే. వారం చూసుకోవడం ఇంకా కొన్నిటికి ముఖ్యం. బన్నేరుఘట్టకు మంగళవారం సెలవు, నెహ్రూ ప్లానెటేరియానికి సోమవారం సెలవు, గాంధీ బజారులో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్ హోటల్‌కు శుక్రవారం సెలవు. అంతదూరం పోయి మూసిన గేటు చూసి తిరిగి రావడం కంటే పెద్ద దుబారా లేదు.

తిండికి దర్శినులు చాలు. ముందు టోకెను తీసుకొని నిలబడి తినే హోటళ్ళవి. ఇడ్లీ, ఖారాబాత్ వేడిగా, శుభ్రంగా ఉంటాయి. కాఫీ ‘బై టూ’ అంటే రెండు కప్పుల్లో పంచి ఇస్తారు, సిగ్గుపడొద్దు. అక్కడ అందరూ అడిగేదే. అవ్వ నిలబడలేదు గనక ఆమెకు కుర్చీలున్న హోటల్‌నే వెతుకు. ఇందిరా క్యాంటీన్లు మన అన్న క్యాంటీన్ల లాంటివే, 2017లో మొదలైనప్పుడు టిఫిను 5, భోజనం 10 పెట్టినారు. దారిలో కనబడితే తినండి, వాటిని వెతుక్కుంటూ మాత్రం పోవద్దు.

ఉండేది రామమూర్తినగర్‌లో చిన్నమ్మ ఇంట్లోనే కదా. మెట్రోకు దగ్గరే, లాడ్జి ఖర్చు తప్పింది. కానీ వాళ్ళిద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళు, రెండు గదుల ఇల్లు. పొద్దున వాళ్ళు స్నానాలు చేసి బయలుదేరినాకే మీరు లేచి తయారు కండి. రాత్రి కూరగాయలూ పాలూ మీరే తీసుకుపోండి. మన చేనిలో చెనిక్కాయలు ఒక సంచి కట్టి పెట్టినాను, తీసుకుపో. ఊరు చూపించమని వాళ్ళ సెలవు దినాన్ని అడగొద్దు.

దసరాకు బెంగళూరులో ఉండే మన వాళ్ళందరూ ఒకేసారి ఊళ్ళకు వస్తారు, ఒకేసారి తిరిగి పోతారు. పండగ ముందూ వెనకా ప్రైవేటు బస్సులవాళ్ళు రేట్లు రెండింతలు, మూడింతలు చేస్తారు. మీరు తిరిగి వచ్చే ఆర్టీసీ బస్సుకు నాలుగు సీట్లు ఈ వారంలోనే రిజర్వు చేయించు. కొత్త పట్టిక రాసినాక ఒకసారి ఇంటికి తీసుకొచ్చి నాకు చూపించు.

ఆశీస్సులతో,
పెదనాయన