గుట్టలో అడుగున ఉన్న పుస్తకాలు



మొన్న ఫోనులో నువ్వు ఏడవలేదుగానీ, మాట మధ్యలో ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టావు చూడు, చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడల్లా అచ్చం అలాగే చేసేదానివి, అందుకే ఈ ఉత్తరం. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగంలో చేరగానే కొత్త పుస్తకాల గుట్ట నీ బల్ల మీద పెట్టారనీ, పాతవాళ్ళు తయారుచేసి వెళ్ళిన ప్రోగ్రాములో ఐఎస్‌బీఎన్ కొడితే రావాల్సిన డ్యూయీ వర్గీకరణ నంబరు రావడం లేదనీ, తీరా చూస్తే దానికి ఆధారమైన, లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ వాళ్ళ ‘క్లాసిఫై’ 2024 జనవరిలోనే మూతపడిందనీ చెప్పావు. అందులో నీ తప్పేముందమ్మా? ఏ పుస్తకానికి ఎక్కువ లైబ్రరీలు ఏ నంబరు ఇచ్చాయో చిటికెలో చెప్పేది అది. ప్రయోగంగా మొదలుపెట్టారు, ఉచితంగా ఇచ్చారు, ఆపేశారు. ఒకే రచనకు వచ్చిన వేరువేరు ముద్రణల ఐఎస్‌బీఎన్‌లన్నీ కలిపి చూపే ‘ఎక్స్ఐఎస్‌బీఎన్’నూ 2016లో అలాగే ఆపారు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ క్యాటలాగే కొన్ని నెలలు కనబడకుండా పోయింది. ఊరంతా ఒక్క బావి మీదే బతకకూడదు తల్లీ.

మీ దగ్గర లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా ఉందన్నావు కదా, అందులోంచే ఇతర లైబ్రరీల క్యాటలాగులను వెతికే జడ్39.50 దారిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ను అడుగు. వచ్చిన రికార్డులో 082 ఫీల్డు చూడు, డ్యూయీ నంబరు ఉంటే అక్కడే ఉంటుంది. అన్నిట్లోనూ ఉండదు, లేదని కంగారుపడకు. అక్కడ దొరకనివాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ ఓపెన్ లైబ్రరీలో వెతుకు, కాకపోతే అక్కడి వివరాలు ఎవరైనా దిద్దొచ్చు కాబట్టి పుస్తకం ఎదురుగా పెట్టుకుని సరిచూసుకో. ఏది తెచ్చినా రికార్డు మొత్తం మీ దగ్గరే దాచుకో, ఎక్కణ్ణుంచి ఏ తేదీన తెచ్చావో కూడా రాసి.

నా బెంగంతా ఆ గుట్టలో అడుగున ఉన్న తెలుగు పుస్తకాల గురించే. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో, అంతకుముందు అచ్చయినవాటికి ఆ ఊసే లేదు. ఇప్పటికీ సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, చేతిసంచిలో పెట్టుకుని తెలిసినవాళ్ళ ఇళ్ళకు తిరిగి ఇచ్చుకునే మన రచయితల్లో చాలామంది ఆ నంబరు తీసుకోరు. అలాంటి కథల పుస్తకానికి క్లాసిఫై బతికున్న రోజుల్లో మాత్రం ఏం చెప్పగలిగేది? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు 1960ల నుంచీ ఢిల్లీలో కార్యాలయం పెట్టి మన భాషల పుస్తకాలు కొని పంపుకుంటున్నారు గనుక, మనవాళ్ళే మరిచిపోయిన తెలుగు పుస్తకాలు కూడా కొన్ని అక్కడ కనిపిస్తాయి. తెలుగు అక్షరాల్లో కొట్టి, రాలేదని వదిలేయకు. పేరును వాళ్ళ పద్ధతిలో రోమన్ లిపిలోకి మార్చి వెతుకు. అప్పటికీ దొరకకపోతే పుస్తకం తెరిచి, ముందుమాట చదివి, విషయసూచిక చూసి నువ్వే నంబరు వెయ్యి. తెలుగు సాహిత్యం 894.827, దాని పక్కన కవిత్వానికి 1, నాటకానికి 2, కథకూ నవలకూ 3. మేం ఏళ్ళ తరబడి అలాగే వేశాం, నీకూ వచ్చేస్తుంది.

నీకు వస్తుందని నేనంత ధీమాగా ఎందుకంటున్నానో నీకు గుర్తుండదులే. వేసవి సెలవుల్లో నాతోపాటు మా శాఖా గ్రంథాలయానికి వచ్చి, పుస్తకాల వీపున చీటీలు అంటిస్తూ జిగురు చేతులతో గౌనంతా పాడుచేసుకునేదానివి, మీ అమ్మమ్మ ఇద్దర్నీ కలిపే కేకలేసేది. అప్పట్లో రోజూ సాయంత్రం దర్జీ సాయిబుగారు వచ్చేవారు, ఎన్నో ఏళ్ళు మిషను తొక్కిన మనిషి, కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు, ఆయన చదివే డిటెక్టివ్ నవలలేమో పై అరలో ఉండేవి. ఎవరూ చెప్పకుండానే నువ్వు వాటిని ఆయన చేతికందే అరలోకి దించి, పైన ఖాళీ అయిన చోట ‘ఇక్కడి పుస్తకాలు కింది అరలో ఉన్నాయి’ అని నోటుబుక్కు కాగితం మీద రాసి పెట్టావు. వరస చెడిందని నేను విసుక్కోబోయి, ఆ కాగితం చూసి ఊరుకున్నాను. వెతికే మనిషి ఎక్కడ నిలబడి ఎటు చూస్తాడో అంత చిన్నప్పుడే పట్టుకున్నదానివి, నీ బల్ల మీదున్న గుట్ట నీకో లెక్కా?

రాత్రి తొమ్మిదైనా లైబ్రరీలోనే ఉంటున్నావని మీ అమ్మ చెప్పి దిగులుపడుతోంది. పుస్తకాలు ఎక్కడికీ పోవు, వేళకి అన్నం తిను. పిల్లలు అడుగుతున్న పాఠ్యపుస్తకాలు ముందు ఎక్కించు, వాళ్ళకు పరీక్షలున్నాయి. తెలుగువి నింపాదిగా చెయ్యి. అవి పూర్తయ్యాక ఆ రికార్డులను లైబ్రరీల సాఫ్ట్‌వేర్లు చదవగల మార్క్ ఫైలుగా తీసి చుట్టుపక్కల కాలేజీల లైబ్రేరియన్లకు కూడా పంపించు, వాళ్ళూ ఇదే ఇబ్బందిలో ఉండి ఉంటారు, అడగడానికి మొహమాటపడుతుంటారు. ఆదివారం నాకు ఫోను చెయ్యి, నంబరు తేలని పుస్తకాలుంటే వాటి ముందుమాటలు చదివి వినిపించు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య