అంగడి వీధిలో నిలిచిన యువత



ద్రాక్షతోట ఉపమానంలో (మత్తయి 20) సాయంకాలం దాకా అంగడి వీధిలో నిలిచినవారు సోమరులు కారు. వారిని ఎవరూ పనికి పిలువలేదు. తార్నాకలో, ఉస్మానియా ప్రాంగణంలో అటువంటి యువత ఉన్నారు. 2022 అక్టోబరులో వారు రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రం లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షనూ హైకోర్టు రద్దుచేసింది. నిరాశపడిన బిడ్డను మనం పిలువకపోతే ద్వేషం పిలుస్తుంది.

జోజప్పగారు వడ్రంగి, పునీత పౌలు డేరాలు కుట్టారు. స్వయంఉపాధి చిన్నతనం కాదు. 2015లో మొదలైన ముద్రా పథకం క్రింద చిరువ్యాపారానికి పూచీకత్తు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. తల్లిదండ్రులారా, సర్కారు కొలువే గౌరవమని బిడ్డలను నొప్పించకండి. మన యువకుడు దుకాణం తెరిస్తే తొలి బోణీ మన విచారణదే కావాలి.

ఆ యజమాని ప్రొద్దుగూకే వేళ కూడా బయటికి వెళ్ళి పిలిచాడు. మనమూ వెళ్దాం.