లగ్జరీ సెడాన్‌లో ఇంజిన్ ఏది, సస్పెన్షన్ ఏది? బిజినేపల్లి రూట్ మీద లెక్కేద్దాం

ఆంటుటు స్కోర్ ఒక్కటే చూసి ఫోన్ కొంటానంటే మనం ఫ్రెండ్స్‌ని ఆపుతాం. స్కోర్ ఎంత ఉన్నా పది నిమిషాల గేమింగ్‌కే వేడెక్కి స్లో అయితే ఏం లాభం? లగ్జరీ సెడాన్లలో హార్స్‌పవర్ కూడా అలాంటి నంబరే. బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రోజూ మీకు తెలిసేది మాత్రం సస్పెన్షన్, టైర్లు. ఈ ఆర్టికల్‌లో ఆ రెండింటి వెనుక ఉన్న ఇంజినీరింగ్‌ని మన రోడ్ల మీదే పెట్టి చూద్దాం.

ముందు ఒక విషయం. జర్మనీలో లాగా ఇంజిన్ ఒకటి, సస్పెన్షన్ ఇంకొకటి విడివిడిగా టిక్ పెట్టి కారు కట్టించుకునే వీలు ఇక్కడ చాలా తక్కువ. మెర్సిడెస్ పుణె దగ్గర చాకణ్‌లో, బీఎండబ్ల్యూ చెన్నైలో అసెంబుల్ చేస్తాయి, వేరియంట్లు ముందే ఫిక్స్ చేసి ఉంటాయి. ఉదాహరణకి 2024 అక్టోబర్‌లో వచ్చిన మెర్సిడెస్ ఈ-క్లాస్ లాంగ్ వీల్‌బేస్. ఈ-200 పెట్రోల్ 204 హెచ్‌పీ, 320 ఎన్ఎం. ఈ-220డీ డీజిల్ 197 హెచ్‌పీ, 440 ఎన్ఎం. ఈ-450 ఆరు సిలిండర్ల పెట్రోల్, 381 హెచ్‌పీ, 500 ఎన్ఎం. లాంచ్ నాటి ఎక్స్ షోరూమ్ ధరలు వరుసగా 78.5, 81.5, 92.5 లక్షలు. అంటే కింది దానికీ పై దానికీ తేడా 14 లక్షలు. మా ఊళ్లో చాలా మందికి అది మంచి కొత్త కారు ధర!

ఇప్పుడు రూట్. హైదరాబాద్ నుంచి శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా భూత్పూర్ దాకా ఎన్‌హెచ్ 44. అక్కడ హైవే దిగి బిజినేపల్లి. మొత్తం వంద కిలోమీటర్లకు కాస్త పైన. ఫోర్ లేన్ నేషనల్ హైవే మీద కార్లకి లిమిట్ గంటకి 100 కిలోమీటర్లు. 1,900 కిలోల బరువున్న, గాలిని బాగా చీల్చే ఆకారం ఉన్న సెడాన్‌ని సమమైన రోడ్డు మీద అదే 100లో నడపడానికి ఎంత పవర్ కావాలి? గాలి నిరోధానికి సుమారు 7.5 కిలోవాట్లు, టైర్ల రోలింగ్‌కి సుమారు 5. రెండూ కలిపితే 17 హెచ్‌పీ. ఏసీ, గేర్‌బాక్స్ నష్టాలు కలుపుకున్నా పాతిక దాటడం కష్టం. మిగతా 350 హెచ్‌పీ బానెట్ కింద పడుకునే ఉంటుంది.

మరి ఓవర్‌టేకింగ్? అక్కడ పవర్ కావాలి, కాదనను. కానీ టార్క్ అంకె చూసి మోసపోవద్దు. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1,800 ఆర్‌పీఎం దగ్గర ఈ-220డీ 440 ఎన్ఎం అంటే దాదాపు 110 హెచ్‌పీ. అదే ఆర్‌పీఎంలో ఈ-200 ఇచ్చేది దాదాపు 80. అందుకే కాలు కొంచెం ఆనించగానే డీజిల్ కదిలినట్టు అనిపిస్తుంది. పూర్తిగా తొక్కితే తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ రెండు మూడు గేర్లు దించుతుంది, అప్పుడు 204, 197 మధ్య తేడా మీకు పెద్దగా తెలియదు. ట్రాక్టర్ వెనక ఓపిగ్గా వెళ్తూ గ్యాప్ దొరికినప్పుడు దాటే మన డ్రైవింగ్‌కి డీజిల్ తీరు హాయిగా ఉంటుంది, అంతే.

ఫ్యూయల్ ఖర్చు లెక్క ఇంకో రకం. వారానికోసారి ఊరికి వచ్చిపోతే ఏడాదికి 11 వేల కిలోమీటర్లు. పెట్రోల్ లీటరుకి 11, డీజిల్ 16 ఇస్తుందనుకుందాం, ధరలు 107, 96 రూపాయలు అనుకుందాం. మిగిలేది ఏడాదికి 41 వేలు. 3 లక్షల తేడా తిరిగి రావడానికి ఏడేళ్లకి పైనే. పైగా మిగతా వారమంతా మాదాపూర్ నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లోనే తిరిగితే డీజిల్‌లోని పార్టిక్యులేట్ ఫిల్టర్ పేరుకున్న మసిని కాల్చేసుకోవడానికి కావాల్సిన వేడి దొరకదు. ఈ వారాంతపు హైవే రన్ దానికి మందు లాంటిది. హైవే లేని వాళ్లు డీజిల్ జోలికి వెళ్లొద్దు.

ఇక నాకు ఇష్టమైన భాగం, సస్పెన్షన్. కారు పొడవు పెరిగితే స్పీడ్ బ్రేకర్ ఏం చేస్తుందో చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉండాలి. రెండు చక్రాలూ దాని మీద ఉన్నప్పుడు మధ్యలో పైకి పొడుచుకొచ్చే ఎత్తు = వీల్‌బేస్ వర్గం ÷ (8 × వ్యాసార్థం). 2.5 మీటర్ల వీల్‌బేస్ ఉన్న చిన్న కారుకి 4.6 సెంటీమీటర్లు. ఈ-క్లాస్ వీల్‌బేస్ 3,094 మిల్లీమీటర్లు, దానికి 7 సెంటీమీటర్లు. ఇది కూడా సమస్య కాదు. సమస్య ఏంటంటే ఊళ్లలో వేసిన బ్రేకర్లు ఈ కొలతలు చదవవు! ఇరుకుగా, నిటారుగా పోసిన దిబ్బ మీద దాని ఎత్తంతా కారు కడుపు కిందకే వస్తుంది. వెనక ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే స్టీల్ స్ప్రింగ్ ఇంకా దిగి ఉంటుంది.

ఎయిర్ సస్పెన్షన్ అసలు ఉపయోగం ఇక్కడే. బరువు పెరిగితే కంప్రెసర్ గాలి నింపి కారుని అదే ఎత్తుకి తెస్తుంది, బటన్ నొక్కితే ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లేపుతుంది. అడాప్టివ్ డాంపర్ పని వేరు. అది ఎత్తు మార్చదు, సెన్సర్లు చూసి డాంపర్ లోపలి ఆయిల్ దారిని వెడల్పు, ఇరుకు చేస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి నేల వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, రోడ్డు అలలు అలలుగా మారుతుంది. ఆ ఊగుడు ఆపాలంటే డాంపర్ గట్టిగా ఉండాలి. గుంతలో పడినప్పుడు మాత్రం మెత్తగా ఉండాలి. మామూలు డాంపర్ ఈ రెండింటికీ మధ్యలో రాజీ పడుతుంది.

కానీ గుంత దెబ్బని మొదట తినేది టైర్. 225/55 ఆర్18 టైర్ సైడ్‌వాల్ 124 మిల్లీమీటర్లు. 245/45 ఆర్19కి 110. 245/40 ఆర్20కి 98. మూడింటి మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, రిమ్ పెరిగిన కొద్దీ రబ్బరు తగ్గుతుంది. ఫొటోల్లో 20 అంగుళాలు బాగుంటాయి, వడ్ల కుప్పలు తప్పించుకుంటూ రోడ్డు అంచు దిగినప్పుడు 18 బాగుంటుంది. రన్‌ఫ్లాట్ టైర్లయితే సైడ్‌వాల్ ఇంకా బిగుసు.

మా చిన్నాయన కొడుకు ఇప్పుడు సరిగ్గా ఈ నిర్ణయం దగ్గరే ఉన్నాడు. రెండెకరాలు అమ్మిన పైసలు, మనసు ఈ-450 మీద. “ఆరు సిలిండర్ల సౌండ్ విన్నావా?” అంటాడు. కారులో ఎక్కువ కూర్చునేది మాత్రం నడుము నొప్పి ఉన్న చిన్నాయన, అదీ వెనక సీట్లో. నేను చెప్పింది ఒకటే: “అన్నా, టెస్ట్ డ్రైవ్‌కి చిన్నాయనని తీసుకుపో. నువ్వు స్టీరింగ్ ముట్టకు, ఎడమవైపు వెనక సీట్లో ఆయనని కూర్చోబెట్టి ఫ్లైఓవర్ జాయింట్ల మీద తిప్పు.” వేరియంట్ల వారీగా సస్పెన్షన్ ఏముందో బ్రోచర్‌లో చూసుకోమన్నాను. డ్రైవ్‌కి ముందు టైర్ ప్రెషర్ కూడా చెక్ చేయించాలి. సరైన అంకె డ్రైవర్ డోర్ దగ్గరో ఫ్యూయల్ మూత లోపలో స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి ఎక్కువైతే ఎంత మంచి కారైనా దడదడలాడుతుంది. నన్నడిగితే ఆ రూట్‌కి ఈ-220డీ, చిన్న రిమ్. మిగిలిన 11 లక్షలు ఎఫ్‌డీలో వేసుకోవచ్చు.

పాత లగ్జరీ కారు కొనే ఆలోచన ఉంటే మాత్రం ఎయిర్ సస్పెన్షన్‌తో జాగ్రత్త. గాలి నింపే రబ్బరు సంచులు వయసుతో, పాలమూరు ఎండతో పగుళ్లిస్తాయి. చిన్న లీక్ వస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ పోతుంది. రాత్రి సమమైన నేల మీద ఆపించి, నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. పొద్దున స్టార్ట్ చేయకుండా మళ్లీ కొలవండి. ఒక మూల దిగిపోయి ఉంటే ఆ రిపేర్ ఖర్చు రేటులో తగ్గించమనండి, లేదంటే ఆ కారు వదిలేయండి.