తెరమీద ఏమని వచ్చింది?

తెనాలి

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. యూట్యూబ్‌లో నువ్వు దాచుకున్న ప్లేలిస్టులోంచి వాతావరణ మార్పు మీద లెక్చర్లు కొన్ని మాయమయ్యాయనీ, ఎవరో కావాలనే తొక్కేస్తున్నారనీ రాశావు. నీ కోపం నాకు నచ్చింది. శాస్త్రం చెప్పే మాట వినబడకుండా పోతే ఊరుకోకూడదు. అయితే అంత పెద్ద మెయిల్లోనూ ఒక్క వివరం లేదు. ఆ లింకు నొక్కితే తెరమీద ఏమని వచ్చింది?

ఇది చిన్న సంగతి కాదమ్మా. అప్‌లోడ్ చేసినవారే తొలగించారని ఉంటే అది వాళ్ల నిర్ణయం. ప్రైవేట్ వీడియో అని ఉంటే వీడియో అక్కడే ఉంది, చూసేవాళ్లను తగ్గించారు. కాపీరైట్ క్లెయిమ్ అని ఉంటే ఇంకెవరో అది మాదన్నారు. మీ దేశంలో అందుబాటులో లేదని ఉంటే వేరే దేశంలో ఆడుతూ ఉండొచ్చు. ప్రభుత్వ ఆదేశం వల్ల అని ఉంటే మాత్రం నీ అనుమానానికి బలం వచ్చినట్టే.

తెరమీది మాటను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. 2018 జూన్‌లో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం అందరికీ ఉచితంగా పెట్టే ఓపెన్‌కోర్స్‌వేర్ లెక్చర్లు యూట్యూబ్‌లో ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇందులో ఎంఐటీ కంటెంట్ ఉంది, మీ దేశంలో అందుబాటులో లేదు అని వచ్చేది. ఎంఐటీ వాళ్ల ఛానల్లో ఎంఐటీ పాఠాలనే ఎంఐటీ పేరు చెప్పి ఆపారన్నమాట! ఆ సందేశం చూసిన మన విద్యార్థి ఎవరైనా ఇండియాలో నిషేధించారనుకుంటే తప్పుపట్టలేం. నిజానికి ప్రపంచమంతటా అదే పరిస్థితి. త్రీడీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బ్లెండర్ ఫౌండేషన్ వీడియోలూ అప్పుడే ఆగాయి. భాగస్వాములతో ఒప్పందాలు మారుస్తున్నందువల్ల ఇలా జరిగిందని యూట్యూబ్ చెప్పింది. కొద్ది రోజుల్లో అన్నీ తిరిగొచ్చాయి.

2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగిన కాసేపటికే, నాసా తన ఛానల్లో పెట్టిన వీడియో స్క్రిప్స్ అనే వార్తాసంస్థ పేరిట వచ్చిన కాపీరైట్ క్లెయిమ్‌తో ఆగిపోయింది. ఆ సంస్థ పొరపాటు ఒప్పుకుంది, వీడియో మళ్లీ వచ్చింది. 2017లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా లెక్చర్లను బయటివాళ్లకు అందకుండా చేసింది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు అవసరమైన క్యాప్షన్లు లేవని అమెరికా న్యాయశాఖ అంతకుముందు ఏడాది తప్పుపట్టడమే దానికి ముఖ్య కారణం. అది సాంకేతిక లోపమూ కాదు, సెన్సారూ కాదు. కాబట్టి ఉన్న కారణాలు రెండే అనుకుని వాటిలో ఒకటి ఎంచుకోకు.

మరి గొంతు నొక్కేవాళ్లే లేరా అంటావు. ఉన్నారు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను ఆపమంటే, అక్కడి టెలికాం సంస్థ దేశం లోపలి వరకే ఉండాల్సిన తప్పుదారి రూటును బయటి నెట్‌వర్కులకూ చాటింది. రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ రాలేదు. కరాచీలో అది నిషేధం, లండన్‌లో అది సాంకేతిక లోపం. ఎక్కడెక్కడ ఆగిందో కనుక్కోవడం అందుకే అంత ముఖ్యం.

మన ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం వీడియోలు ఆపించవచ్చు. 2009 నిబంధనల ప్రకారం అందుకోసం వచ్చిన ఫిర్యాదులూ, వాటిపై చర్యలూ గోప్యంగా ఉంచాలి. కారణం బయటికి చెప్పకుండా ఆపే అధికారం ఉన్నచోట అనుమానం రావడం సహజమే. ఆ అనుమానాన్ని రుజువుదాకా తీసుకెళ్లాలి. భూమి వేడెక్కడంపై తన మాటకు నాసా ప్రజాసంబంధాల విభాగం అడ్డుపడుతోందని అక్కడి వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ 2006లో బయటపెట్టారు. నాసా ఇన్‌స్పెక్టర్ జనరలే విచారణ జరిపి, ఆ విభాగం వాతావరణ మార్పు సమాచారాన్ని తగ్గించి చూపిందని 2008లో తేల్చారు. ఆరోపణ విచారణకు నిలబడింది గనుకే దాన్ని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

నువ్వు చెయ్యాల్సిందీ అదే. తేదీ, లింకు, సందేశం ఉన్నదున్నట్టు రాసుకో, స్క్రీన్‌షాట్ తీసుకో. డల్లాస్‌లో ఉన్న మీ అక్కని అదే లింకు తెరిచి చూడమను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పేజీ ఉందేమో చూడు. తొలగింపు నోటీసులు భద్రపరిచే లూమెన్ డేటాబేస్‌లో వెతుకు. లెక్చర్ ఇచ్చిన ప్రొఫెసర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పెట్టు; చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. అప్పటిదాకా నీ స్నేహితులతో "వీడియో కనబడటం లేదు, కారణం ఇంకా తెలియదు" అని మాత్రమే చెప్పు. సైన్సు చదివే పిల్ల ఆ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. సర్వర్ పడిపోయినప్పుడల్లా నిషేధమని అరిస్తే, నిజంగా నిషేధించిన రోజున నీ మాట ఎవరూ పట్టించుకోరు. ఆపించినవాళ్లకు కావలసిందీ అదే.

ఆ లెక్చర్ల వివరాలన్నీ పట్టిక వేసి నాకు పంపు. ఎవరో కావాలని ఆపించారని తేలితే ఫిర్యాదు ఇద్దరం కలిసి రాద్దాం. మొదటి సంతకం నాదే.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న