ఆ కాయ ఏ చెట్టుది?

ముప్పై నాలుగేళ్లు డిగ్రీ పిల్లలకు ప్రాచీన చరిత్ర చెప్పాను. అన్నిటికంటే ఇష్టంగా చెప్పిందీ, అన్నిటికంటే తప్పుగా చెప్పిందీ ఒక కాయ గురించే: పైన్ కాయ. మీలో కొందరు రేపు బల్లకు అవతలి వైపు నిలబడతారు. అందుకే నేర్చుకున్న ఈ మాటలు రాసిపెడుతున్నాను.

1. పోలిక కనబడగానే పేరు పెట్టకూడదు.

సముద్రం పక్క ఊళ్లో పుట్టినవాణ్ని. సరుగుడు కాయలు ఏరుకుని ఆడుకున్నాను. పెద్దయ్యాక అరకులో మొదటిసారి పైన్ కాయ చేతికొస్తే, సరుగుడు కాయే కొండగాలికి ఇంత పెరిగిందనుకున్నాను. రెంటికీ చుట్టరికం లేదు. సరుగుడు పూలు పూసే చెట్టు. పైన్‌కు అసలు పువ్వే ఉండదు, గింజను పొలుసుల మధ్య దాచుకుంటుంది. తడి తగిలితే ఆ పొలుసులు ముడుచుకుంటాయి, ఎండకు విచ్చుకుంటాయి. ఈ పొరపాటును వారంలో దిద్దుకున్నాను. ఇదే పొరపాటు రాతి శిల్పం దగ్గర చేసినప్పుడు మాత్రం దిద్దుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

2. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందని చూడకు, ఏమని వచ్చిందో విను.

ఇరాక్‌లో నిమ్రూద్ దగ్గర బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు లేయర్డ్ 1845లో తవ్వకాలు మొదలుపెట్టాడు. అస్సిరియా రాజు రెండో అషుర్‌నసిర్‌పాల్ (క్రీ.పూ. 883–859) రాజభవనం బయటపడింది. దాని గోడ పలకల మీద రెక్కలున్న దేవతా మూర్తులు నిలబడి ఉంటారు. ఎడమచేతిలో చిన్న బొక్కెన, ఎత్తిన కుడిచేతిలో పొలుసుల కాయ. కొన్ని పలకల్లో వాళ్ల ముందు ఒక అలంకారపు చెట్టు ఉంటుంది. ఆ ఫొటో చూపించి ప్రతి ఏడూ ‘ఇది పైన్ కాయ’ అని చెప్పేవాణ్ని.

ఒక ఏడు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. వాళ్లది కల్లుగీత కుటుంబం. ‘సార్, మా ఈత చెట్లలో పోతుచెట్టు పూగెల కూడా అట్లనే ఉంటది’ అన్నాడు. క్లాసు నవ్వింది. నేను ఆ నవ్వును ఆపలేదు. ‘ఇది మీ ఊరి ఈతవనం కాదు, కూర్చో’ అన్నాను.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో టైలర్ అనే మానవశాస్త్రవేత్త 1890లోనే ఇంచుమించు అదే మాట రాశాడని. ఖర్జూరంలో పోతు, పెంటి చెట్లు వేరువేరు. కాయ దండిగా దిగాలంటే పోతుగెలను కోసి తెచ్చి పెంటిగెల మీద పుప్పొడి రాలుస్తారు. ఆ మూర్తుల చేతిలో ఉన్నది ఆ పోతుగెలే అన్నాడు టైలర్. ఈతా ఖర్జూరమూ ఒకే ప్రజాతికి చెందినవి. చెట్టెక్కే తండ్రిని చూసి పెరిగిన పిల్లవాడు, నేను చదవని వ్యాసంలోని మాటను కళ్లతో చూసి చెప్పాడు.

టైలర్ మాటా చివరి మాట కాలేదు. ఆ మూర్తులు కాయను చెట్టు వైపే కాదు, రాజు వైపూ గుమ్మాల వైపూ కూడా చాపుతారు. అక్కడి మంత్రపాఠాల్లో ఆ వస్తువును ‘ముల్లీలు’ అన్నారు. శుద్ధి చేసేది అని అర్థం. మన సంప్రోక్షణకు దగ్గరి పని. కాయ ఏ చెట్టుదన్న చర్చ మాత్రం పండితుల్లో ఇంకా నడుస్తోంది.

3. ఉన్నచోట ఉన్నదని ఒప్పుకోవాలి.

తప్పు తెలిశాక రెండో అంచుకు పోయి, ఎక్కడ పైన్ కాయ కనబడినా అనుమానించాను. అదీ పొరపాటే. గ్రీకు దేవుడు డయొనీసస్ చేతి దండం కొసన ఉన్నది పైన్ కాయే. ఆటిస్ అనే దేవుడు పైన్ చెట్టు కింద ప్రాణం విడిచాడని కథ. రోమ్‌లో ఏటా మార్చి 22న ఆటిస్‌కు గుర్తుగా పైన్ చెట్టును నరికి మోసుకొచ్చి సిబెలీ దేవి గుడిలో పెట్టేవాళ్లు. అక్కడ ఆ చెట్టుకు కథ ఉంది, పూజ ఉంది, తేదీ ఉంది.

4. పేరు ఎప్పుడు పుట్టిందో అడగాలి.

పాత పాఠం చెప్పే రోజుల్లోనే ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో ‘మూడో కన్ను రహస్యం’ అని వ్యాసం రాశాను. మెదడులోని పీనియల్ గ్రంథి పైన్ కాయ ఆకారంలో ఉంటుందనీ, అస్సిరియన్లు చెక్కింది దాన్నేననీ నా వాదన. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: ‘ఆధారం తెలపగలరు.’ నా దగ్గర ఆధారం లేదు. జవాబు రాయలేదు.

ఆ పోలికతో గ్రంథిని వర్ణించినవాడు గేలెన్, క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు. శిల్పానికీ ఆయనకూ మధ్య వెయ్యేళ్లు. ఆత్మ నివాసం ఆ గ్రంథేనన్నది 17వ శతాబ్దపు తత్వవేత్త దెకార్త్ మాట. ఆ గ్రంథిని మూడో కన్నుతో ముడిపెట్టి ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు బ్లావట్‌స్కీ, 1888లో. ఆ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే హార్మోన్‌ను 1958లో వేరుచేశారు. మన నిద్రవేళలను సర్దడంలో దానికి పాత్ర ఉంది. ఇవన్నీ ఒక్క తాటి మీద గుచ్చి, ఋషులకూ అస్సిరియన్లకూ అన్నీ తెలుసని చెప్పే వీడియో ఈమధ్య మా మనవడు చూపించాడు. అందులో వాక్యాలు నా వ్యాసంలో వాక్యాల్లాగే ఉన్నాయి.

5. కాకతాళీయం సాక్ష్యం కాదు.

వాటికన్‌లో దాదాపు నాలుగు మీటర్ల కంచు పైన్ కాయ ఉంది. రోమన్ల కాలంలో అది ఒక ఫౌంటెన్. 1608లో ఇప్పుడున్న ప్రాంగణానికి తెచ్చారు. కవి దాంతే తన ‘ఇన్‌ఫెర్నో’లో నిమ్రోద్ అనే రాక్షసుడి ముఖాన్ని ఆ కాయతో పోల్చాడు. శిల్పాలు దొరికిన ఊరు నిమ్రూద్! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, గొప్ప ముడి విప్పాననిపించింది. తెల్లారి సరిచూస్తే, అస్సిరియన్ల నాటికి ఆ ఊరి పేరు కల్హు. నిమ్రూద్ అన్నది తర్వాతి కాలం వాళ్లు పెట్టుకున్న పేరు. దాంతే కాలానికి ఆ పలకలు మట్టి కిందే ఉన్నాయి. ఆ ఒక్క ఉదయం మాత్రం తొందరపడలేదు.

6. దిద్దడం ఆలస్యమైతే వినేవాళ్లు వెళ్లిపోతారు.

టైలర్ సంగతి తెలిసిన ఏడు నుంచి పాఠం మార్చి చెప్పాను. అంతకుముందు విన్న వందల మందికి పాత పాఠమే మిగిలింది. వాళ్లలో టీచర్లయినవాళ్లు ఉన్నారు. పాత రిజిస్టర్లు దొరక్క, ఆ అబ్బాయి పేరు కూడా తెలుసుకోలేకపోయాను.

బాబూ, ఈ పేజీ నీ కంటబడితే ఒక్క మాట. ఆ రోజు నువ్వు అడగవలసిందే అడిగావు. నేను నిన్ను కూర్చోబెట్టకుండా ఉండవలసింది.